ఐదో నంబరు ఫ్లాపీ

“చెప్పులు బయటనే ఇడ్వండ్రి సార్. మీరు పెట్టిన రూలే గద,” అంది సింధూజ నవ్వుతూ.

శాంతయ్య ఉలిక్కిపడ్డాడు. ముప్పై ఏళ్ల కిందట, కంప్యూటరున్న గదిని దేవుడి గదిలా చూసే రోజుల్లో, వనపర్తి శిక్షణ కేంద్రంలోకి ఎవరైనా చెప్పులతో వస్తే తనే కసురుకునేవాడు.

“మా రూలు నీకెట్ల తెలుసు బిడ్డా?”

“మా అమ్మ చెప్పింది సార్. ఆమె గూడ అండ్లనే నేర్చుకున్నది.”

చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ప్యాంటు జేబులో, చేతిరుమాలులో చుట్టిన అయస్కాంతం తొడకు బరువుగా తగులుతోంది. పాత రేడియో స్పీకరు పగలగొట్టి పొద్దున్నే తీశాడు దాన్ని. అచ్చంపేటలో బస్సెక్కింది మొదలు ఆ జేబు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

కొందరికి కోళ్ల పిచ్చి, కొందరికి పావురాల పిచ్చి. సింధూజకు పాత కంప్యూటర్ల పిచ్చి. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా పాతసామాన్ల దుకాణాలన్నీ తిరిగి, పనికిరావని పారేసిన కంప్యూటర్లూ కాలిక్యులేటర్లూ తెచ్చి బతికిస్తుంది. ఆమె అద్దెకు తీసుకున్న ఆ షట్టరు గదిలో కాలు పెట్టే జాగా లేదు. ఒక మూల ఊడదీసిన కీబోర్డు మీటలు సబ్బునీళ్లలో నానుతున్నాయి.

సోమవారం నాడు ఫోన్ చేసింది. “మీ సెంటర్ కంప్యూటర్ దొరికింది సార్. ఫ్లాపీల డబ్బా గూడ ఉన్నది. ఆదివారం నలుగుర్ని పిలిచి తెరుస్త. అప్పట్ల పనిచేసిన ఏడుగుర్ల మీరొక్కరే దొరికిండ్రు. ముందుగాల మీరొచ్చి ఒకసారి చూడాలె.”

ఆ రోజు నుంచి శాంతయ్యకు తిండి సయించలేదు.

ఆ డబ్బాలో ఐదో నంబరు ఫ్లాపీ ఉంది. ఒక విత్తనాల కంపెనీ ఆపరేటర్ ఉద్యోగానికి తమ కేంద్రంలో పెట్టిన పరీక్ష మార్కులు అందులోనే ఉన్నాయి. మొదటి స్థానంలో ఉన్న అమ్మాయి మార్కులను శాంతయ్య తన స్నేహితుడి తమ్ముడికి వేసి, వాడివి ఆమెకు వేశాడు. అసలు జాబితా, మార్చిన జాబితా, రెండూ అందులోనే ఉండిపోయాయి. ఆ తర్వాత అచ్చంపేటలో సొంతంగా సెంటరు పెట్టాడు. ఊళ్లో సగం మందికి కంప్యూటర్ నేర్పాడు. ఇప్పుడు రోడ్డెక్కితే ‘కంప్యూటర్ సారు’ అని దండాలు పెడతారు. ఆ ఫ్లాపీ తెరుచుకుంటే ఆ పరువంతా ఒక్క పూటలో గంగలో కలుస్తుంది.

“మీ అమ్మ పేరేంది బిడ్డా?” అడక్కూడదనుకుంటూనే అడిగాడు.

“జోగులమ్మ. బల్మూర్ దిక్కు. యాది ఉన్నదా సార్?”

శాంతయ్య చెయ్యి మళ్లీ జేబు మీదికి పోయింది. ఆ పేరును ముప్పై ఏళ్లలో ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

“ఎంతమందో వచ్చేటోళ్లు. యాదికొస్తలేదు.”

“ఏదో పరీక్షల ఫస్టొస్తననుకున్నదంట. రాలె. ఆ యేడే ముంబైకి మట్టిపనికి పోయింది. ఇప్పుడు నడుము పడిపోయి ఇంట్లనే ఉంటున్నది,” అంటూ సింధూజ ఫ్లాపీల డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది.

“పెట్టి చూసినవా?”

“లేదు సార్. బూజు పట్టినయి, తుడిచిన గంతే. మీ ముందటనే పెడుదామని ఆగిన. జర కూసోండ్రి, చాయ్ తెస్త.”

ఆమె వీధి దాటేదాకా చూసి శాంతయ్య మూత తీశాడు. మొత్తం ఎనిమిది. అన్నిటి మీదా నంబర్లే తప్ప ఏది దేనిదో రాసి లేదు. అన్నీ చెడగొడితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నట్టే. ఐదోది ఒక్కటి చాలు. అయస్కాంతం తీసి దాని మీద రుద్దసాగాడు. ఒకసారి, రెండుసార్లు, తిరగేసి మళ్లీ.

గుమ్మంలో నీడ పడింది.

“పిల్ల లేదా సారూ?” ఎవరో ముసలాయన, చేతిలో రేడియోతో.

అయస్కాంతం బల్ల కిందికి పోయింది. “చాయ్‌కి పోయింది. మల్ల రా.”

ముసలాయన కదలడే. గది నలుమూలలా తీరిగ్గా చూసి, “మంచిగ సాఫ్ జేస్తది పిల్ల,” అని మెచ్చుకుని మరీ వెళ్లాడు. శాంతయ్య బల్ల కింద దాచిన అయస్కాంతాన్ని జేబులో వేసుకున్నాడు. ఫ్లాపీని దాని చోట పెట్టి మూత వేసేసరికి సింధూజ రెండు గ్లాసులతో వచ్చింది.

“మొదలుపెడుదామా సార్?”

ఒకటో నంబరు పెట్టింది. యంత్రం గురగురలాడి, తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. రెండోది తెరుచుకుంది. మూడు, నాలుగు కూడా. శాంతయ్య చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాడు. సరిగా రుద్దానా? ముసలోడి తొందరలో ఎక్కడైనా మిగిలిపోయిందా? ఒక్క పేరు కనబడినా చాలు, తను మునిగినట్టే.

సింధూజ ఐదోది పెట్టింది. యంత్రం చాలాసేపు గీకింది. తెర నల్లగా ఉండిపోయింది. చివరికి, చదవలేనని ఒక వరుస వచ్చి ఆగింది.

శాంతయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

“ముప్పై ఏండ్లాయె బిడ్డా. ఎన్నొద్దులని ఉంటయి?” గొంతులో ఎప్పటి సారు తిరిగొచ్చాడు. “ఖరాబైందానికి రంది పడకు. తక్కినయి మంచిగున్నయి గద.”

సింధూజ రంది పడలేదు. ఫ్లాపీని మెల్లగా బయటికి తీసి, అతని కళ్లలోకి చూసింది.

“మీతోని పనిచేసిన మిగిలిన ఆరుగురు ఒక్కొక్కరే వచ్చిపోయినంక గూడ ఇది మంచిగనే తెరుచుకున్నది సార్.”