మందారం మొదట్లో రాళ్ళు

"ఇది పురుగూ కాదు, తెగులూ కాదు బాబాయ్. నీళ్ళు ఎక్కువై చస్తోంది," అన్నాడు మొక్కల డాక్టరు.

నర్సరీ నడిపే అతన్ని అందరూ అలాగే పిలుస్తారు. పెద్దాయన తెచ్చిన మందార కొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆకుల అడుగున పిండినల్లి లేదు. ఈనెలతో సహా ఆకంతా పసుపు. మొగ్గలు విచ్చకుండానే రాలిపోతున్నాయి. సంచిలోని వేరుముక్కను వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

"కుళ్ళింది. రోజుకెన్నిసార్లు పోస్తున్నారు?"

"పొద్దున ఒక్కసారి. బకెట్‌తో. అంతే!"

"అయితే ఇంకెవరో కూడా పోస్తున్నారు."

పెద్దాయన గుండె గుభేలుమంది. ఇంట్లో ఉండేది ఇద్దరే. తనూ, భార్యా.

ఆ భయం ఈనాటిది కాదు. అత్తగారు చివరి రోజుల్లో కన్నకూతుర్ని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది. ఆ మాయదారి జబ్బు ఇప్పుడు కూతురికీ వస్తోందా? మొన్న పాలు మాడి గిన్నె బొగ్గయింది. ఇంటి తాళాలు బియ్యం డబ్బాలో దొరికాయి. అడిగితే "నేను కాదండీ" అంటుంది. మనిషే మారిపోయింది. ఆయన వీధి చివరికి వెళ్ళినా "ఒక్కరే వెళ్ళకండి, నేనూ వస్తా" అని చంటిపిల్లలా వెంటపడుతుంది. చెల్లెలితో ఫోన్లో గుసగుసలాడి కళ్ళు తుడుచుకుంటుంది. పాపం, తనకీ తెలిసిపోతున్నట్టుంది.

ఇవాళా ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు చూసి, పిల్లిలా బయటపడ్డాడు.

ఆయన సంగతంటారా, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అరిగిన బుర్ర! సగం ఊరి పాత నంబర్లు ఇప్పటికీ నోటికి వచ్చు.

"కుళ్ళిన వేర్లు కత్తిరించి, మట్టి గుల్ల చేసి ఇసుక కలపండి," అన్నాడు మొక్కల డాక్టరు. "రేపట్నించి సగం చెంబే. పోసినప్పుడల్లా మొదట్లో ఓ గులకరాయి పెట్టండి. సాయంత్రం మట్టిలో వేలు గుచ్చి చూడండి. రాయి ఒక్కటే ఉండి మట్టి బురదగా ఉంటే, రెండో చెయ్యి పడ్డట్టే. ఇంట్లో మాత్రం చెప్పకండి, జాగ్రత్త పడిపోతారు."

గుప్పెడు రాళ్ళు ఆయన జేబులో పోశాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన సగం చెంబు పోసి, ఓ రాయి పెట్టాడు. ఆ రోజంతా అన్నం సహించలేదు. భార్య కిటికీలోంచి పెరట్లోకి తొంగి చూసినప్పుడల్లా చూపు తిప్పుకున్నాడు.

సాయంత్రం వేలు మట్టిలో గుచ్చాడు. వేలు మొత్తం దిగిపోయింది. బురద!

కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. మొదట్లో ఒకటి కాదు, ఐదు రాళ్ళున్నాయి.

"ఏమే!"

కేక ఏడుపులా వచ్చింది. ఆవిడ పరిగెత్తుకొచ్చింది. ఆయన మట్టిచేతులతోనే ఆవిడ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"నా దగ్గర దాచకే. పొద్దున నేను పోసింది ఒక్కసారే. ఆ తర్వాత నువ్వు నాలుగుసార్లు పోశావు."

"నేను ఈ మొక్క జోలికే రాలేదండీ."

"వచ్చావే పిచ్చిదానా! నీకు గుర్తుండట్లేదు, అంతే. భయపడకు. నేనున్నాగా! రేపే డాక్టరు దగ్గరికి వెళదాం. నువ్వు నన్ను మర్చిపోయినా నేను నిన్ను మర్చిపోనే."

ఏడుస్తూనే గట్టిగా అన్నాడు. ఆవిడ పోట్లాడుతుందనుకున్నాడు. ఆవిడ పోట్లాడలేదు. పమిటచెంగుతో ఆయన కళ్ళు తుడిచింది.

"సరేనండీ. రేపే వెళదాం. ఇద్దరం కలిసే వెళదాం," అంది. కాస్త ఆగి, "అది సరే, నాలుగుసార్లని అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?" అని అడిగింది.

"మనుషులు అబద్ధమాడతారేమో గానీ రాళ్ళు ఆడవే! కావాలంటే నువ్వే లెక్కపెట్టు."

"ఏ రాళ్ళండీ?"

నీళ్ళు పోసినప్పుడల్లా రాయి పెట్టాలన్న సంగతి ఆవిడకు చెప్పనేలేదని పెద్దాయనకు అప్పుడు గుర్తొచ్చింది.