కిర్రుమనని ఫ్యాను

కుట్టు ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే ఆయన తన ఇంటిని పగటిపూట చూసి ఎన్నాళ్లయిందో. అద్దె తక్కువని ఊరి చివరి కాలనీలో చేరాడు. పిల్ల లేవకముందే బస్సెక్కుతాడు, పిల్ల పడుకున్నాక దిగుతాడు. బ్లాకులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కళ్లు మూతలు పడుతున్నా కాళ్లే మెట్లెక్కేస్తాయి.

ఆ రాత్రీ తలుపు దగ్గరగా వేసి ఉంది. మంచం మీద ఆవిడ అటు తిరిగి పడుకునే, "అన్నం మూతపెట్టాను, తినేసి పడుకోండి," అంది.

సగం తిన్నాక తోచింది. ఏడాదిగా కిర్రుకిర్రుమంటూ ప్రాణం తోడేస్తున్న ఫ్యాను ఇవాళ చప్పుడు చేయట్లేదు.

"ఫ్యాను బాగుచేయించావా?"

"దానికేమైందని? ఎప్పుడూ బాగానే ఉందిగా."

చెయ్యి కడుక్కుని బాల్కనీలోకి వెళ్లాడు. ఎదుటి బ్లాకు రెండో అంతస్తులోంచి కిర్రు, కిర్రు. ఆ కిటికీలో ఎవరో ఒకాయన కంచం ముందు కూర్చుని, తలెత్తి ఫ్యాను వంకే చూస్తున్నాడు. ఆయన వెనక గోడకు తన పిల్ల స్కూలు బ్యాగే వేలాడుతోంది.

ఇద్దరి చూపులూ కలిశాయి. ఎదుటాయన మెల్లిగా లేచి లైటు ఆర్పేశాడు.

"అలారం పెట్టుకున్నారా? నాలుగింటికే బస్సు," అంది మంచం మీది గొంతు.

"పెట్టుకున్నా," అని లోపలికొచ్చి తనూ లైటు ఆర్పాడు.