ఓపికయ్యగారి సాలీడు

ఫిబ్రవరి పదకొండు ఆమెకు బాగా గుర్తు. ఆ మధ్యాహ్నం తిన్నది ఒక ఉడకబెట్టిన గుడ్డు, సగం అరటిపండు. మిగతా సగం గడ్డిలో పెట్టి అటు తిరిగేసరికి చీమలు పంచుకున్నాయి.

డబ్బా కట్టి ఇచ్చింది అత్తగారే. ఇస్తూ ఇస్తూ, "ఆ సాలీళ్ళు ఈపాటికి పిల్లల్ని కని, పెంచి, పెళ్ళిళ్ళు కూడా చేసుంటాయి. నీ పరిశోధన మాత్రం తెమలదు," అని ఓ చురక వేసింది. వేసినా, గుడ్డు పెంకు ఒలిచి మరీ పెట్టింది.

తెమలనిది పరిశోధన కాదు, సంతకం. గైడు ప్రొఫెసరుగారు సంతకం పెడితే చాలు, పక్క ఊరి కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం ఆమెదే. ఆ ఉద్యోగం నెలాఖరు దాకా ఆగుతుంది. ఆ తర్వాత ఆగదు. ఆమె రాసిన సిద్ధాంత గ్రంథం ఏడాదిన్నరగా ప్రొఫెసరుగారి బల్ల మీదే ఉంది. ఆయన దాని మీద కాఫీ కప్పు పెట్టుకుంటారు.

అడిగినప్పుడల్లా ఒకటే జవాబు. "ఓపిక పట్టమ్మా. సైన్సంటేనే ఓపిక." అందుకే విద్యార్థులు ఆయన్ని చాటుగా ఓపికయ్య అంటారు.

ఆ రోజు ఆమె పరిశోధన సాగే పచ్చికబయలు చూడటానికి యూనివర్సిటీ కమిటీ వచ్చింది. వాళ్ళకు నచ్చితే ఓపికయ్యగారు డీన్ అయిపోతారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన గడ్డిలో కాలు పెట్టారు. నెత్తిన కొత్త టోపీ, మెడలో బైనాక్యులర్లు. సాలీణ్ణి చూడటానికి బైనాక్యులర్లు ఎందుకని ఎవరూ అడగలేదు.

గడ్డి నిండా తెల్లపూలు. కొన్నిటి కాడలకు తెల్ల రిబ్బన్, కొన్నిటికి ఎర్ర రిబ్బన్. తెల్ల రిబ్బన్ పూలు ఖాళీ. ఎర్ర రిబ్బన్ కట్టిన ప్రతి పువ్వు మీదా ఒక తెల్ల సాలీడు. గూడు అల్లే రకం కాదు. రేకుల్లో రేకులా కలిసిపోయి, ముందుకాళ్ళు చాచి, తేనె కోసం వాలినవాటిని పట్టి తినే రకం.

కమిటీ అంటే ఇద్దరు. చైర్మన్‌గారు, మొక్కల నిపుణురాలు. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని ఒక ఎర్ర రిబ్బన్ పువ్వులోకి తొంగి చూశారు.

"ఇది కదలడం లేదేమండీ?" అన్నారు చైర్మన్.

"అదే సార్ దాని తపస్సు!" ఓపికయ్య గొంతు సవరించుకున్నారు. "వారం నుంచీ దీన్నే గమనిస్తున్నాను. నన్ను గుర్తుపడుతుంది కూడా."

ఆమె ఉలిక్కిపడింది. "సార్, ఆ ఎర్ర రిబ్బన్..."

"ఆగమ్మా. పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాంగా."

ఒక తేనెటీగ వచ్చింది. ఆ పువ్వు దాకా వచ్చి, గాల్లోనే ఓ క్షణం తచ్చాడి, చటుక్కున తప్పుకుని తెల్ల రిబ్బన్ పువ్వు మీద వాలింది. ఆమె ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళుగా ఆమె చెబుతున్నది అదే. సాలీడు కంటబడితే చాలు, తేనెటీగ వాలదు. తేనెటీగ వాలని పువ్వుకు గింజ కట్టదు.

"అయ్యో, చేతికందినదాన్ని వదిలేసిందే!" అన్నారు నిపుణురాలు.

"వదిలెయ్యలేదు మేడమ్, దయ తలచింది. కడుపు నిండితే ముట్టుకోదు. ఆ కళ్ళు చూడండి, ఎంత తృప్తో!"

గాలి వీచింది. పువ్వు ఊగింది.

"కాలు కదిపింది! నేను చూశా!" చైర్మన్‌గారు చప్పట్లు కొట్టబోయి ఆగారు, సాలీడు బెదురుతుందని.

నిపుణురాలు వెనకబడదలచుకోలేదు. "పొట్ట చూడండి. కడుపుతో ఉన్నట్టుంది."

"నెలలు నిండాయి," ఓపికయ్య ఖాయం చేశారు.

ఆమె ఉండబట్టలేకపోయింది. "సార్, ఒక్క మాట వినండి. అది..."

"చూశారా సార్, ఈ కాలం పిల్లల తొందర! అమ్మాయ్, దాన్ని చూసి నేర్చుకో. ఎండ మాడుస్తున్నా నోరు మెదపడం లేదు."

"నేర్చుకుంటున్నా సార్," అంది ఆమె.

ఆమె ఎండలో నిలబడి ఉందని కమిటీ కారు డ్రైవరు ఒక్కడే గమనించాడు. గొడుగు తెచ్చి, "పట్టుకోమ్మా, వాళ్ళు ఇప్పట్లో లేవరు," అని ఇచ్చి వెళ్ళాడు.

లేచాక చైర్మన్‌గారు అడిగారు. "ఈ రిబ్బన్లేమిటి?"

"మా అమ్మాయి పరిశోధనంతా వాటి మీదే సార్. అక్షరం అక్షరం చదివాను. ఎర్ర రిబ్బన్ పూల గురించి రాసిన భాగం ఉందే, అద్భుతం!"

"మరి డాక్టరేట్ ఎప్పుడొచ్చింది?"

ఓపికయ్య టోపీ సర్దుకున్నారు. "అదీ... ఇవాళే సంతకం పెడదామని..."

సంతకం కావాల్సిన కాగితం ఆమె సంచిలో ఎప్పుడూ ఉంటుంది. కారు బానెట్ మీద పెట్టి ఆయన సంతకం గీకేశారు. పోతూ పోతూ పువ్వు దగ్గర వంగి, "వెళ్ళొస్తా తల్లీ, జాగ్రత్త," అన్నారు సాలీడుతో.

పొద్దు వాలుతుండగా ఆమె ఇంటికి ఫోన్ చేసింది. "అత్తయ్యా, సంతకం అయింది!"

"అవునా! ఎలా కరిగాడే ఆ మహానుభావుడు?"

"అంతా సాలీడు పుణ్యం."

"ఐతే దానికీ నా పేరు చెప్పి ఓ గుడ్డు పెట్టు."

"తినదత్తయ్యా."

తర్వాత ఆమె రోజూలాగే ఎర్ర రిబ్బన్ పూల మీంచి, రెండేళ్ళ కిందటే చచ్చి ఎండిపోయిన సాలీళ్ళను ఒక్కొక్కటిగా గుండుసూదితో సహా ఊడదీసి, డబ్బాలో దూది మీద సర్ది, లాబ్ అలమరలో పెట్టి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.