పావురం ఆకు, గోరింక గొంతు

ఆ అడవిలో కబుర్లు మోసేవి రెండే పక్షులు. పావురం ఆకు మీద రాసిన కబురు ఇంటింటికీ ఇచ్చేది. గోరింక కొమ్మెక్కి అందరికీ ఒకేసారి అరిచి చెప్పేది. తన కబురు అందుకునేవాళ్లు రెండోదాని కబురు ముట్టకూడదని దేనికది పట్టుబట్టింది.

ఒకనాడు కార్చిచ్చు రేగింది. "పారిపోండి!" అని గోరింక అరిచింది. ఎటు పారిపోవాలో దానికీ తెలియదు. వాగు ఎక్కడ దాటొచ్చో కొంగ రాసిచ్చిన ఆకు పావురం దగ్గరుంది. ఇంటింటికీ తిరిగే వ్యవధి మాత్రం లేదు.

పిల్లల్ని వెంటేసుకొచ్చిన కుందేలు మండిపడింది. "మేం ఎవరి వైపో కనుక్కుని కాలుస్తుందా మంట?"

పావురం తన ఆకును గోరింక ముందు పెట్టింది. "అక్కా, నా గొంతు చాలదు. నువ్వు చదువు."

గోరింక గొంతు చించుకుని చదివింది.

సాయంత్రానికి జంతువులన్నీ అవతలి గట్టున ఉన్నాయి. గోరింక ఆ ఆకును ఇంకా వదల్లేదు.

"చెల్లీ, రేపటి ఆకులు కూడా తే," అంది బొంగురుగా.