కారెక్కని పెళ్లికూతురు

ఆ రోజు పొద్దున ఆ పెళ్లింట్లో ఉన్నది ఐదుగురే. పంచలో అటూ ఇటూ తిరుగుతున్న పెదమామయ్య కోటేష్, పూలబుట్ట ముందు దీప్తి అత్తయ్య, గడపకు పసుపు రాస్తున్న అమ్మమ్మ పేరమ్మ, లోపలి గదిలో పెళ్లికూతురు లక్ష్మీదుర్గ, ఆ గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ జ్యోతిర్మయి.

వాకిట్లో కారు ఆగి ఉంది. డ్రైవరు ఇంజను ఆపకుండా, ఏసీ వేసుకుని లోపలే కూర్చున్నాడు.

“ముహూర్తం దగ్గర పడుతోంది. జరుగు, అమ్మాయిని కారెక్కించాలి,” అన్నాడు కోటేష్.

“రామాలయం ఈ వీధి చివరే కదా మామయ్యా. నడిచి వెళ్దాం,” అంది జ్యోతిర్మయి.

పదో తరగతికి వచ్చినా, క్లాసులో లేచి జవాబు చెప్పమంటే చెమటలు పట్టే పిల్ల. కానీ బళ్లో కర్బన పాదముద్ర పాఠం, అంటే మనం గాలిలోకి వదిలే పొగ లెక్క, విన్నప్పటి నుంచి ఇంట్లో మాత్రం ఊరుకోవడం లేదు. కరెంటు రాగానే దానంతటదే తిరిగే బోరు మోటారుకు ఆటో స్టార్టరు పీకించింది. పత్తికట్టెకు నిప్పు పెట్టనివ్వకుండా చేలోనే కలియదున్నించింది. ఈ పెళ్లిలోనూ ఒక్కొక్కటే గెలుచుకుంటూ వచ్చింది. గుంటూరులో ఏసీ హాలు వద్దంది, అంతదూరం కార్లు కట్టుకుని పోవడం ఎందుకంది. ప్లాస్టిక్ ప్లేట్ల బదులు విస్తరాకులు, నీళ్ల సీసాల బదులు స్టీలు గ్లాసులు తెప్పించింది. దూరపు చుట్టాల బదులు ఊరినే పిలవమంది. ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలిచారు గానీ, ఎవరొస్తారో ఎవరూ చెప్పలేరు.

పెళ్లికొడుకు ప్రసన్నకుమార్ నయం. ఎవరూ అడక్కుండానే చీరాల నుంచి రైలూ బస్సూ పట్టుకుని, తనవాళ్లతో నిన్ననే విడిదిలో దిగాడు. పెళ్లిచీర కూడా తన మగ్గం మీద తానే నేసిన నూలుచీర.

“ఏందే నీ గోల!” కోటేష్ నెత్తి కొట్టుకున్నాడు. “గుంటూరులో అయితే నలుగురి నోళ్లలో పడకుండా అయిపోయేది. ఊళ్లో పెట్టించావు, సరేనన్నా. ఇప్పుడు వీధిలో నడిపిస్తానంటావా? తండ్రి లేని పిల్లవని ఊరుకుంటుంటే నెత్తికెక్కుతున్నావు.”

“ఆ పాదముద్ర ఏందో నాకు అంతుబట్టలా,” అంది పేరమ్మ పసుపు చేతులతోనే. “కార్లో పోతే పాదం నేలకే ఆనదు గదే. ముద్ర ఎట్టా పడుద్ది?”

“కార్లో పోతేనే పెద్దది పడుద్ది అమ్మమ్మా. నడిస్తే దాదాపు పడదు.”

“బడికి పంపిస్తే తలకిందుల చదువు నేర్చుకొచ్చావే!”

దీప్తి నవ్వింది. వెంటనే గొంతు తగ్గించింది. “అది కాదే జ్యోతీ. కారైతే అద్దాలు ఎత్తుకుని గుట్టుగా వెళ్లిపోవచ్చు. నడిస్తే అరుగు అరుగుకీ ఒక మాట పడాలి. దుర్గ పడగలదా?”

“అనేవేవో ఒకేసారి అనేస్తారు అత్తయ్యా. అయిపోద్ది.”

“సరే, దుర్గనే అడుగుదాం,” అన్నాడు కోటేష్. గది వైపు తిరిగి గట్టిగా అరిచాడు. “కారా, నడకా?”

లోపల గాజుల చప్పుడు ఆగింది. జ్యోతిర్మయి గదిలోకి తొంగి చూసింది. ఇప్పుడు కారంటే ఇక తన మాటకు విలువ లేదు.

“కారు పంపించెయ్యండి,” అంది లక్ష్మీదుర్గ.

సన్నాయి ముందు నడిచింది. జ్యోతిర్మయి పెళ్లికూతురి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. కల్లాల్లో ఎండుతున్న మిరపకాయల ఘాటుకు డోలు కొట్టేవాడు తుమ్మాడు. ఎవరూ నవ్వలేదు. అరుగుల మీది ఆడవాళ్లు లేచి నిలబడి చూస్తున్నారు తప్ప పలకరించలేదు. లక్ష్మీదుర్గ తల అడుగడుక్కీ కిందికి వాలిపోతోంది.

ఆ వీధిలో అందరికంటే పెద్ద నోరు బసవమ్మది. ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని దారి మధ్యకు వచ్చింది.

“ఏం పేరమ్మా, వచ్చిన కారుని వెనక్కి తోలారంటనే?”

“మా మనవరాలు వద్దంది. పొగంట,” అంది పేరమ్మ నేలచూపులు చూస్తూ.

బసవమ్మ పెళ్లికూతుర్ని కిందికీ పైకీ చూసింది. సన్నాయి ఆగిపోయింది. జ్యోతిర్మయి చెయ్యి మరింత గట్టిగా పట్టుకుంది.

“ఒసే దుర్గా! దొంగతనానికి పోతున్నావా ఏందే, తల దించుకుని? పెళ్లికి పోతున్నావు. ఎత్తవే తల!”

అని, చెంగు నడుముకు దోపుకుని తనే ముందు నడిచింది. నాలుగడుగులు వేసి అరుగుల వైపు తిరిగింది. “ఏం చూస్తారే గుడ్లప్పగించి? మీకు కాళ్లు లేవూ? రండి!”

ఒక అరుగు ఖాళీ అయింది. తర్వాత దాని పక్కది. గుడి దగ్గరికి వచ్చేసరికి వెనక జనానికి వీధి చాల్లేదు. లక్ష్మీదుర్గ తలెత్తింది. తాళి కట్టేటప్పుడు తప్ప మళ్లీ దించలేదు.

మధ్యాహ్నం విస్తళ్ల ముందు బంతి మీద బంతి లేచింది. చెమటలు కక్కుతూ పప్పు వడ్డిస్తున్న కోటేష్ గుడి బయటికి చూసి ఆగిపోయాడు.

“ఒక్క కారు లేదు, ఒక్క బండి లేదు. ఈ ఊళ్లో ఇంత పెళ్లి ఎవరికీ జరగలేదు గదే దీప్తీ!”

“పప్పు కారిపోతోంది, ముందది చూడండి,” అంది దీప్తి.

ఇంటికీ నడిచే వచ్చారు. లక్ష్మీదుర్గ గదిలోకి వెళ్లగానే జ్యోతిర్మయి వెనకే పరిగెత్తింది. ఆగకుండా మాట్లాడేస్తోంది.

“ఎవరన్నా ఏమన్నా అన్నారా? అన్లేదుగా? నడిస్తే ఏమైంది! బసవమ్మ మామ్మని చూశావా?”

“గెలిచావులే. ఇక బయటికి నడు, చీర మార్చుకోవాలి.”

“నేనూ లోపలే ఉంటా.”

“పోవే!”

సిగ్గుపడుతూ అమ్మ తలుపు వేసేసింది.