పక్కకు తిప్పే చేయి

మాస్టారికి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. మాస్కుతో ఎంత గాలి ఒత్తిడి ఇస్తే సరిపోతుందో తేల్చడానికి ఇంటికొచ్చి మిషను బిగించిన నర్సు, వారం తిరక్కుండానే ఫోన్ చేసింది.

“ఒత్తిడి తేలడం లేదు మాస్టారూ. ఊపిరి ఆగితే మిషను గాలి పెంచాలి కదా? ఈలోపే మీరు పక్కకి తిరిగిపోతున్నారు. మీ ఛాతీకి కట్టిన పట్టీ రికార్డులో కనిపిస్తోంది. ఎవరైనా తిప్పుతున్నారా?”

“ఎవరున్నారమ్మా! మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ డొక్కలో పొడిచి మరీ తిప్పేది. పోయి ఏడాదైంది.”



“ఈ రాత్రికి వెల్లకిలానే పడుకోండి. తిరిగితే లెక్క తప్పుతుంది, తక్కువ గాలి పెట్టామంటే ప్రాణం మీదికొస్తుంది.”

రాత్రి దీపం ఆర్పి, మాస్కు తగిలించుకోబోతూ మాస్టారు మంచం రెండో వైపుకు చూశారు. అక్కడ దుప్పటి మడత కూడా నలగలేదు.

“విన్నావుగా? ఈ ఒక్క రాత్రీ నన్ను ముట్టుకోకు. ఇన్నేళ్ళు మేలుకున్నావు, చాల్లే. ఇక నువ్వూ పడుకో.”

గాలి సన్నగా బుసకొట్టసాగింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

మంచం అవతలి వైపు కిర్రుమని, మెల్లగా తేలికైంది. అడుగుల చప్పుడు తలుపు వైపు పోలేదు. మంచం చుట్టి వచ్చి, మిషను పక్కన ఆగింది.