గారె తురుము

అత్తగారి పక్కన కూర్చున్న కొత్త మనిషి జేబులోంచి తురుము పీట తీసేసరికి రిబ్కా బిత్తరపోయింది.

చిన్నది. స్టీలుది. పొట్టి పిడితో అరచేతిలో ఇమిడిపోయేలా ఉంది.

బాపట్లలో, చర్చి పక్క హాల్లో లిడియా పెళ్లి భోజనాలు. బల్లల మీద ఆకులు. ఆకుల్లో వేడి గారెలు, నాటుకోడి కూర, కీరా, యాపిలు ముక్కలు.

అందరూ తింటున్నారు. అత్తగారు సుగుణమ్మ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆవిడకు పళ్ళు పోయాయి. కట్టుడు పళ్ళు పెట్టుకుంటే చిగుళ్ళు ఒరుసుకుపోతున్నాయి. నలుగురిలో నమల్లేక అవస్థ పడటం నామోషీ. అందుకే ఇంట్లో కూడా ఎవరితోనూ కూర్చోకుండా, గదిలోనే ఇంత జావ తాగి పడుకుంటోంది. మనిషి సగమైపోయింది. మనవరాలి వరస పిల్ల పెళ్లని బతిమాలి, తెనాలి నుంచి తీసుకొచ్చింది రిబ్కా.

"గారె... తురిమి పెట్టనా అక్కా?" అన్నాడా మనిషి.

మాట ముద్దముద్దగా వచ్చింది.

తాగొచ్చాడు, అనుకుంది రిబ్కా. తాగొచ్చి, పెళ్లిలో కూడా సామాన్లు అమ్ముకుంటున్నాడు.

"మాకేం కొనే పన్లేదండి. మీ భోజనం మీరు చెయ్యండి," అంది కటువుగా.

ఆయన నొచ్చుకోలేదు. "కొనొద్దమ్మా... చూడు."

తురుము పీటను గ్లాసులో నీళ్ళతో కడిగాడు. సుగుణమ్మ ఆకులోని గారె తీసుకుని, అక్కడే తురిమాడు. పొడిపొడిగా రాలింది. దాని మీద కోడికూర పులుసు పోసి, కాసేపు నాననిచ్చాడు.

"ఇప్పుడు... తినక్కా."

సుగుణమ్మ అనుమానంగా కాస్త తీసి నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"గారే అమ్మాయ్! అచ్చంగా గారే!"

రెండో గారె. తర్వాత కీరా ముక్క. ఆ తర్వాత యాపిలు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు చూస్తున్నా ఆవిడ పట్టించుకోలేదు.

"ఆ ముక్క కూడా గీకు తమ్ముడూ," అంటూ పురమాయించింది.

ఆవిడ తృప్తిగా తింటుంటే రిబ్కా కళ్ళు చెమర్చాయి.

"ఇదెక్కడ దొరుకుతుందండి?" అంది, ఈసారి మెత్తగా.

ఆయన దాన్ని శుభ్రంగా తుడిచి, సుగుణమ్మ చేతిలో పెట్టాడు.

"ఉంచుకో అక్కా. అందరితో కలిసి... తిను."

"అయ్యో, మరి మీకో?"

"నాకేంటమ్మా... బస్సు టైమైంది," అంటూ నవ్వి లేచాడు.

సుగుణమ్మ సంబరంలో పడి, ఆయన పేరైనా అడగలేదని రిబ్కాకు ఆలస్యంగా తట్టింది. చెయ్యి కడుక్కుని బయటికి పరిగెత్తింది. రేపల్లె బస్సు మలుపు తిరిగిపోతోంది.

తిరిగొచ్చేసరికి, పెళ్లికూతురి తండ్రి పౌలు బల్ల దగ్గర నిలబడి వెతుకుతున్నాడు.

"ఇక్కడ కూర్చున్న శాలేమురాజు మావయ్యేడి రిబ్కా? భోంచేశాడో లేదో చూద్దామని వచ్చా."

"ఇప్పుడే వెళ్ళిపోయారు బావగారూ. ఎంత మంచాయనండి! ఇది అత్తయ్యకి ఇచ్చేసి వెళ్ళారు."

పౌలు సుగుణమ్మ చేతిలోని తురుము పీట చూశాడు. పక్కనున్న ఆయన ఆకు చూశాడు. వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయి.

"నిరుడు ఆపరేషన్ చేసి ఆయనకి నాలుక సగం తీసేశారమ్మా," అన్నాడు మెల్లగా. "ఆ పీటతో తురుముకుంటేగానీ ముద్ద దిగదు."